యూనిట్ 6: మధ్యయుగ ఇంగ్లండులో నేరస్థులను పట్టుకోవడం – గ్రామ సమాజం పాత్ర

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తర్వాత మీరు:

- పోలీసు వ్యవస్థ లేని కాలంలో నేరస్థులను ఎవరు, ఎలా పట్టుకునేవారో వివరించగలుగుతారు.
- టైథింగ్, ఫ్రాంక్‌ప్లెడ్జ్, హ్యూ అండ్ క్రై అనే ఏర్పాట్ల స్వరూపాన్ని తెలుపగలుగుతారు.
- 1166 నాటి క్లారెండన్ శాసనం, 1285 నాటి వించెస్టర్ శాసనాల ప్రాముఖ్యాన్ని చర్చించగలుగుతారు.
- ఈ పద్ధతిలోని బలాన్ని, లోపాలను విశ్లేషించగలుగుతారు.
- దక్కన్‌లోని ధర్మశాస్త్ర నియమాలతో దీనిని పోల్చగలుగుతారు.

6.1 పరిచయం

ఈ రోజుల్లో ఒక ఇంట్లో దొంగతనం జరిగితే ఆ ఇంటివారు పోలీసు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు చేస్తారు. ఎఫ్.ఐ.ఆర్. నమోదవుతుంది. దొంగను వెదికి పట్టుకోవడం ఆ తర్వాత పోలీసుల పని. దొంగ దొరకకపోతే ఇరుగుపొరుగువారి మీద జరిమానా పడదు. ఇది మనకు సహజంగా తోస్తుంది. కాని మధ్యయుగ ఇంగ్లండులో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం.

అక్కడ జీతం తీసుకునే పోలీసులు లేరు. జిల్లా వంటి 'షైర్'కు రాజు తరఫున ఒక షెరీఫ్, ఆయన కింద కొద్దిమంది ఉద్యోగులు ఉండేవారు. మారుమూల గ్రామంలో జరిగిన దొంగతనం కబురు షెరీఫ్‌కు చేరేలోగా దొంగ అడవి దాటిపోయేవాడు. అందువల్ల నేరస్థుణ్ణి పట్టుకునే భారాన్ని రాజులు గ్రామస్థుల మీదే పెట్టారు. పట్టుకోలేకపోతే వారికే జరిమానా వేశారు.

దీనినే మనం 'ప్రజల భాగస్వామ్యం' అంటున్నాం. అయితే ఈ మాటను మీరు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇది ఇష్టపడి చేసిన సేవ కాదు, చట్టం విధించిన విధి. రాజు తన ఖర్చు లేకుండా శాంతిభద్రతలను కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు. కాని ఇదే ఏర్పాటు గ్రామస్థులకు ఒక అధికారాన్ని కూడా ఇచ్చింది. ఎవరిని పట్టివ్వాలి, ఎవరి పేరు చెప్పాలి, ఎవరిని వదిలెయ్యాలి అనే నిర్ణయం చాలావరకు వారి చేతిలోనే ఉండేది. విధి, అధికారం అనే ఈ రెండు ముఖాలను గుర్తుంచుకొని కింది భాగాలను చదవండి.

6.2 పాలనా విభాగాలు

మధ్యయుగ ఇంగ్లండు షైర్లుగా విభజించబడి ఉండేది. ఒక్కొక్క షైర్‌లో 'హండ్రెడ్' అనే చిన్న విభాగాలు ఉండేవి. హండ్రెడ్‌ను మన తాలూకాతో పోల్చి అర్థం చేసుకోవచ్చు. దాని కింద గ్రామాలు ఉండేవి. హండ్రెడ్‌కు సొంత న్యాయస్థానం ఉండేది. పదో శతాబ్దంలో ఎడ్గార్ రాజు కాలానికి చెందినదిగా భావించే శాసనం ప్రకారం హండ్రెడ్ సభ నాలుగు వారాలకొకసారి సమావేశం కావాలి, దొంగలను తరమడానికి జనం కలిసి బయలుదేరాలి. ఆ కాలంలో పశువులే ముఖ్యమైన ఆస్తి కాబట్టి, దొంగిలించిన పశువుల కాలిజాడ పట్టుకొని వెళ్లడం దొంగను వెదికే ప్రధాన మార్గం.

6.3 ఒకరికొకరు జామీను: టైథింగ్, ఫ్రాంక్‌ప్లెడ్జ్

క్నూట్ రాజు (1016–1035) చట్టం ప్రకారం 12 ఏళ్లు దాటిన ప్రతి స్వతంత్ర పురుషుడు ఒక హండ్రెడ్‌లోను, ఒక టైథింగ్‌లోను చేరాలి. తాను దొంగతనం చెయ్యనని, దొంగకు తోడ్పడనని ప్రమాణం చెయ్యాలి. టైథింగ్ అంటే సుమారు పదిమందితో కూడిన జట్టు. కొన్ని ప్రాంతాల్లో ఊరంతా కలిపి ఒకే టైథింగ్‌గా ఉండేది.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాత ఈ పద్ధతి మరింత కట్టుదిట్టమై 'ఫ్రాంక్‌ప్లెడ్జ్'గా స్థిరపడింది. దీని సూత్రం చాలా సరళమైనది: జట్టులోని ప్రతి ఒక్కరు మిగిలిన వారందరికీ జామీనుదారు. ఒకడు నేరం చేస్తే అతణ్ణి న్యాయస్థానం ముందు నిలబెట్టవలసిన బాధ్యత మిగిలినవారిది. అతడు పారిపోతే జట్టు మొత్తం జరిమానా చెల్లించాలి.

పన్నెండేళ్లు దాటిన మగపిల్లలందరూ జట్లలో చేరారా లేదా అని తనిఖీ చేయడానికి ప్రత్యేక సభలు జరిగేవి. వీటిని 'ఫ్రాంక్‌ప్లెడ్జ్ తనిఖీ' అనేవారు. ఊళ్లో ఎవరైనా జట్టులో చేరకుండా ఉంటే అందుకు కూడా ఊరికి జరిమానా పడేది.

ఈ ఏర్పాటుకు మినహాయింపులు ఉన్నాయి. మతాచార్యులు, నైట్లు వంటి ఉన్నత వర్గాలవారు, స్త్రీలు టైథింగ్‌లో సభ్యులు కారు. ఇంటి యజమాని తన ఇంట్లో ఉండి తినే సేవకుల ప్రవర్తనకు తానే బాధ్యుడు. ఉత్తర ఇంగ్లండులోని కొన్ని ప్రాంతాల్లో ఈ పద్ధతి అమలులో లేదు.

ఇదే కాలంలో 'మర్డ్రమ్' అనే సామూహిక జరిమానా కూడా వచ్చింది. జయించిన దేశంలో నార్మన్లు సంఖ్యలో తక్కువ. వారిలో ఒకరు హత్యకు గురై హంతకుడు దొరకకపోతే ఆ హండ్రెడ్ మొత్తం జరిమానా కట్టాలి. చనిపోయిన వ్యక్తి ఇంగ్లీషువాడని రుజువు చేస్తే జరిమానా తప్పేది, లేకపోతే అతణ్ణి నార్మన్‌గానే లెక్కించేవారు. రెండు జాతులు కలిసిపోయాక కూడా ఖజానాకు రాబడి తెచ్చే ఈ జరిమానా చాలాకాలం కొనసాగి 1340లో రద్దయింది. సామూహిక బాధ్యత వెనుక శాంతిభద్రతలతో పాటు రాజు ఆదాయం కూడా ఉందని దీనివల్ల మీరు గ్రహించవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

1. టైథింగ్ అంటే ఏమిటి? అందులో ఎవరు సభ్యులు కారు?
2. మర్డ్రమ్ జరిమానా ఎందుకు ఏర్పడింది?

6.4 కేక వేసి వెంటాడటం: హ్యూ అండ్ క్రై

ఫ్రాంక్‌ప్లెడ్జ్ ముందుజాగ్రత్త ఏర్పాటు. నేరం జరిగిన క్షణంలో పనిచేసేది 'హ్యూ అండ్ క్రై'. నేరానికి గురైనవారు గాని, దానిని చూసినవారు గాని, శవాన్ని మొదట కనుగొన్నవారు గాని వెంటనే పెద్దగా కేకలు వెయ్యాలి. కొన్నిచోట్ల కొమ్ము కూడా ఊదేవారు. కేక విన్న ప్రతి ఒక్కరు చేస్తున్న పని వదిలి, చేతికి దొరికిన ఆయుధంతో బయలుదేరాలి.

ఇది ఎలా సాగేదో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక గ్రామంలో తెల్లవారుజామున ఒక రైతు భార్య తన కొట్టంలోంచి ఎవరో ఎద్దును తోలుకుపోతుండగా చూసింది. ఆమె కేక వేసింది. ఇరుగుపొరుగువారు లేచి వచ్చారు. ఎద్దు గిట్టల జాడను బట్టి అందరూ పొలిమేర వరకు తరిమారు. దొంగ పక్క ఊరి సరిహద్దులోకి ప్రవేశించాడు. అప్పుడు వీరు ఆ ఊరివారికి కబురు చెప్పి, జాడ చూపించి, వెంటాడే పనిని వారికి అప్పగిస్తారు. ఇక బాధ్యత ఆ ఊరిది. ఇలా ఒక ఊరి నుంచి మరో ఊరికి కేక సాగిపోతుంది. దొంగ సొత్తుతో సహా పట్టుబడితే అతడి పరిస్థితి విషమిస్తుంది. సొత్తు చేతిలో ఉండగా దొరికినవాడు తనను తాను సమర్థించుకోవడానికి పెద్దగా అవకాశం ఉండేది కాదు. కొన్ని స్థానిక న్యాయస్థానాలకు అలాంటివాణ్ణి అక్కడికక్కడే ఉరితీసే హక్కు కూడా ఉండేది.

ఈ ఉదాహరణలో కేక వేసింది స్త్రీ అని గమనించండి. టైథింగ్‌లో స్త్రీలకు స్థానం లేదు. కాని కేక వేసే హక్కు, విధి వారికీ ఉన్నాయి. భూస్వాముల ఎస్టేటు న్యాయస్థానాల రికార్డుల్లో స్త్రీలు కేక వేసిన సందర్భాలు తరచుగా కనిపిస్తాయి. దొంగతనాలకే కాక దాడులకు, ఇళ్లలోకి చొరబడటానికి, ఇరుగుపొరుగు కొట్లాటలకు కూడా వారు కేక వేశారు. బలహీనులకు ఇది ఒక రక్షణ.

ఈ హక్కు దుర్వినియోగం కాకుండా జరిమానాలు ఉండేవి. కేక విని కదలనివారికి, కేక వెయ్యవలసి ఉండి ఊరుకున్నవారికి, కారణం లేకుండా కేక వేసినవారికి జరిమానా పడేది. కేక సకారణమా, అకారణమా అన్నది ఊరి జ్యూరీ తేల్చేది.

1194లో 'కరోనర్' అనే పదవి ఏర్పడింది. అనుమానాస్పద మరణం జరిగితే కరోనర్ వచ్చి శవాన్ని పరీక్షించి, చుట్టుపక్కల గ్రామాల వారిని విచారించి, వివరాలు నమోదు చేసేవాడు. శవాన్ని మొదట చూసినవారు, సమీపంలో నివసించేవారు ఆయన ముందు హాజరై జామీను ఇవ్వాలి. కరోనర్ రాకముందే శవాన్ని పూడ్చిపెడితే ఊరికి జరిమానా. అందువల్ల శవాన్ని చూసినా చూడనట్లు పోవాలనే కోరిక సామాన్యుడికి కలగడం సహజం. సహకారాన్ని కోరిన చట్టమే సహకరించేవారి మీద కొత్త భారాన్ని మోపింది.

6.5 పేర్లు చెప్పడం: క్లారెండన్ శాసనం (1166)

కేక వేసినప్పుడు నేరస్థుడు కళ్లముందే ఉంటాడు. రహస్యంగా జరిగే నేరాల మాట ఏమిటి? ఈ ప్రశ్నకు రెండవ హెన్రీ రాజు 1166లో క్లారెండన్ శాసనంతో జవాబిచ్చాడు. ప్రతి హండ్రెడ్ నుంచి 12 మంది, ప్రతి గ్రామం నుంచి నలుగురు నమ్మకస్తులు న్యాయాధికారుల ముందు ప్రమాణం చేసి, తమ ప్రాంతంలో దోపిడి, హత్య, దొంగతనం చేసినట్లు గాని, అలాంటివారికి ఆశ్రయమిచ్చినట్లు గాని నింద ఉన్నవారి పేర్లు చెప్పాలి. 1176 నాటి నార్తాంప్టన్ శాసనం ఈ జాబితాలో ఫోర్జరీని, గృహదహనాన్ని చేర్చింది.

ఈ పేర్లు చెప్పేవారు సాక్షులు కారు. వారు చెప్పేది 'ఊరు ఏమనుకుంటున్నది' అన్న విషయమే. పేరు వచ్చినవాణ్ణి బంధించి నీటి పరీక్షకు గురిచేసేవారు. నీటిలో మునిగితే నిర్దోషి, తేలితే దోషి. ఈ శాసనంలోని మరొక నియమం మీరు తప్పక గమనించాలి. ప్రజల్లో బాగా చెడ్డపేరున్నవాడు నీటి పరీక్షలో నెగ్గినా దేశం విడిచిపోవాలి. అంటే దైవపరీక్ష తీర్పు కన్నా ఊరి మాటకే ఎక్కువ విలువ ఇచ్చారు. ఊళ్లో బంధుబలం, పలుకుబడి ఉన్నవాడికి ఇది అండ, ఒంటరివాడికి, కొత్తగా వచ్చినవాడికి ముప్పు.

1215లో నాల్గవ లాటరన్ మతసభ ఇలాంటి పరీక్షల్లో మతాచార్యులు పాల్గొనరాదని నిషేధించింది. దాంతో దైవపరీక్ష కనుమరుగై, దోషిత్వాన్ని తేల్చే పని కూడా క్రమంగా పన్నెండుమంది జ్యూరీకి వచ్చింది. ఇలా నేరస్థుణ్ణి తరమడం, అతడి పేరు చెప్పడం, తీర్పు ఇవ్వడం అనే మూడు పనులూ ఆ ప్రాంతపు ప్రజల చేతుల్లోకి వచ్చాయి.

6.6 వించెస్టర్ శాసనం (1285)

పదమూడో శతాబ్దం చివరికి దారిదోపిడులు పెరిగాయని, జ్యూరీలు తమవారిని కాపాడుకోవడానికి నిజం దాస్తున్నాయని రాజు ప్రభుత్వం భావించింది. మొదటి ఎడ్వర్డ్ రాజు 1285లో చేసిన వించెస్టర్ శాసనం అప్పటికే ఆచారంలో ఉన్న విధులను ఒకచోట చేర్చి కఠినతరం చేసింది. దాని ముఖ్యాంశాలు:

1. హండ్రెడ్ బాధ్యత: దోపిడి జరిగితే దొంగలను పట్టివ్వడానికి 40 రోజుల గడువు. ఈలోగా పట్టివ్వకపోతే నష్టానికి ఆ హండ్రెడ్ ప్రజలే జవాబుదారులు.
2. రాత్రి కాపలా: కోటగోడలున్న పట్టణాల ద్వారాలు సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు మూసి ఉంచాలి. వేసవిలో, అంటే అసెన్షన్ పండుగ నుంచి సెప్టెంబరు చివర వచ్చే మైకేల్మస్ వరకు, నగరాల్లో ఒక్కో ద్వారానికి ఆరుగురు, పట్టణాల్లో 12 మంది, గ్రామాల్లో జనాభాను బట్టి ఆరుగురు లేక నలుగురు కాపలా ఉండాలి. రాత్రి వచ్చిన కొత్తవాణ్ణి తెల్లవారే వరకు ఆపి ఉంచాలి. ఆగకపోతే కేక వేసి తరమాలి.
3. దారుల శుభ్రత: సంత జరిగే ఊళ్ల మధ్య రహదారులకు ఇరువైపులా 200 అడుగుల మేర పొదలను, గుంటలను తొలగించాలి. పెద్ద చెట్లను కొట్టనవసరం లేదు. దొంగలు మాటువేయకుండా చూడటమే దీని ఉద్దేశం.
4. ఆయుధాలు: 15 నుంచి 60 ఏళ్ల మధ్య పురుషులందరూ తమ తాహతును బట్టి ఆయుధాలు ఉంచుకోవాలి. ఏడాదికి 15 పౌండ్ల ఆదాయమిచ్చే భూమి ఉన్నవాడికి కవచం, శిరస్త్రాణం, కత్తి, బాకు, గుర్రం ఉండాలి. పేదవాడికి విల్లంబులు చాలు.
5. కానిస్టేబుళ్లు: ప్రతి హండ్రెడ్‌కు ఇద్దరు కానిస్టేబుళ్లను ఎన్నుకొని, ఏడాదికి రెండుసార్లు ఈ ఆయుధాలను తనిఖీ చెయ్యాలి.

ఈ కానిస్టేబుల్‌ను నేటి పోలీసు కానిస్టేబుల్‌గా భావించకూడదు. అతడు జీతగాడు కాడు, యూనిఫాం లేదు. స్థానికుల్లోంచి ఎంపికై తన సొంత పనులతో పాటు ఈ బాధ్యతను మోసేవాడు. పగలంతా పొలంలో పనిచేసి రాత్రి కాపలాకు వచ్చే రైతు పరిస్థితి కూడా అంతే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

1. ఒక గ్రామం నుంచి మరో గ్రామానికి వెంటాడే బాధ్యత ఎలా మారేది?
2. వించెస్టర్ శాసనంలో రహదారుల గురించి ఏ నియమం ఉంది? ఎందుకు?

6.7 చేతికి చిక్కనివారు: శరణు, చట్టబహిష్కారం

తరుముతున్న జనం నుంచి తప్పించుకొని నేరస్థుడు చర్చిలోకి ప్రవేశిస్తే అతణ్ణి బయటికి లాగకూడదు. దీనిని 'శరణు' హక్కు అంటారు. 40 రోజుల లోపు అతడు విచారణకు లొంగిపోవాలి, లేదా కరోనర్ ముందు నేరం ఒప్పుకొని శాశ్వతంగా దేశం విడిచిపోతానని ప్రమాణం చెయ్యాలి. అలా ప్రమాణం చేసినవాడు చేత శిలువ పట్టుకొని, రాజమార్గం వదలకుండా, కరోనర్ చెప్పిన రేవుకు నడిచివెళ్లి ఓడ ఎక్కాలి. ఈలోగా చర్చి చుట్టూ రాత్రింబగళ్లు కాపలా ఉండవలసింది గ్రామస్థులే. వాడు తప్పించుకుంటే మళ్లీ జరిమానా ఊరికే.

పూర్తిగా పారిపోయినవాణ్ణి కౌంటీ న్యాయస్థానంలో వరుసగా పిలిచేవారు. అయిదో పిలుపుకు కూడా రాకపోతే 'చట్టబహిష్కృతుడు'గా ప్రకటించేవారు. అతడి సొత్తు రాజుకు చెందుతుంది. అతడికి అన్నం పెట్టడం, ఆశ్రయమివ్వడం నేరం. తొలి రోజుల్లో అతణ్ణి తోడేలుతో సమానంగా చూసి, ఎవరైనా చంపవచ్చునని భావించేవారు. తర్వాతి కాలంలో ఆ స్వేచ్ఛ తగ్గి, బంధించి అప్పగించాలనే నియమం బలపడింది.

6.8 ఈ పద్ధతి ఎంతవరకు పనిచేసింది?

చిన్న గ్రామంలో అందరికీ అందరూ తెలుసు. ఎవరి ఎద్దు ఏదో, ఎవరి కత్తి ఏదో ఇట్టే చెప్పగలరు. కొత్తవాడు వస్తే వెంటనే గుర్తిస్తారు. ఈ పరిచయమే ఆ పద్ధతికి బలం. ఖర్చు లేకుండా, క్షణాల్లో పదుల సంఖ్యలో మనుషులను కదిలించగల ఏర్పాటు మరొకటి అప్పట్లో సాధ్యం కాదు.

అయితే బలమే లోపంగా కూడా మారింది. పదమూడో శతాబ్దపు న్యాయస్థాన రికార్డులను చూస్తే, హత్యానేరం మోపబడినవారిలో ఉరిశిక్ష పడినవారి కంటే పారిపోయి చట్టబహిష్కృతులైనవారే చాలా ఎక్కువ. విచారణకు వచ్చినవారిలో కూడా ఎక్కువమందిని జ్యూరీలు నిర్దోషులుగా వదిలేశాయి. దీనికి కొన్ని కారణాలను గుర్తించవచ్చు. ఘోర నేరాలకు శిక్ష ఉరి. తగాదాలో ఆవేశపడి కొట్టిన పొరుగువాణ్ణి ఉరికి పంపడానికి ఊరివారికి మనసొప్పేది కాదు. తరమడంలో గాయపడతామనే భయం, శత్రుత్వం వస్తుందనే భయం ఉండేవి. పలుకుబడి గల భూస్వాముల అండ ఉన్న ముఠాలను ఎదిరించడం గ్రామస్థులకు సాధ్యమయ్యేది కాదు.

ఇక్కడ మీరు ఆలోచించవలసిన విషయం ఒకటుంది. రాజు దృష్టిలో ఇది వైఫల్యం. గ్రామం దృష్టిలో ఎవరు నిజంగా ప్రమాదకరులో, ఎవరిని క్షమించవచ్చో తేల్చుకునే మార్గం. అయితే ఈ వెసులుబాటు అందరికీ సమానంగా అందలేదు. పరిచయస్తుడికి దొరికిన కనికరం దేశదిమ్మరికి దొరకడం కష్టం.

6.9 దక్కన్‌తో పోలిక

సామూహిక బాధ్యత ఇంగ్లండుకే పరిమితం కాదు. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం గ్రామంలో దొంగతనం జరిగి, దొంగ అడుగుజాడ ఊరు దాటినట్లు కనిపించకపోతే బాధ్యత గ్రామాధికారిది. జాడ ఏ ఊరి పొలిమేరలోకి వెళితే ఆ ఊరు నష్టం భరించాలి. నేరం ఊళ్లకు దూరంగా జరిగితే చుట్టుపక్కల అయిదు లేక పది గ్రామాలు కలిసి చెల్లించాలి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు 'మితాక్షర' అనే వ్యాఖ్యను కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో రాశాడు. పదమూడో శతాబ్దంలో కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగులోకి తెచ్చాడు.

పొలిమేర దాకా జాడ పట్టడం, అక్కడి నుంచి బాధ్యత పక్క ఊరికి మారడం రెండు చోట్లా ఒకటే. ఒకదాన్ని చూసి మరొకటి నేర్చుకున్నదని దీని అర్థం కాదు. పశువులు ప్రధాన ఆస్తిగా, గ్రామం ప్రధాన యూనిట్‌గా ఉన్న రెండు సమాజాలు ఒకే సమస్యకు ఒకే రకమైన పరిష్కారాన్ని కనుగొన్నాయి.

ఒక తేడా కూడా ఉంది. తెలుగు గ్రామాల్లో ఊరి కాపలా తలారి పని. అది వంశపారంపర్యంగా వచ్చే వృత్తి. అందుకు ప్రతిఫలంగా అతడికి మాన్యం, పంటలో వాటా దక్కేవి. ఇంగ్లండులో కాపలా వంతులవారీగా అందరి మీదా పడే విధి.

6.10 క్షీణత – నేటి చట్టం

పద్నాలుగో శతాబ్దంలో ఫ్రాంక్‌ప్లెడ్జ్ క్రమంగా బలహీనపడింది. 1348లో వచ్చిన ప్లేగు మహమ్మారి తర్వాత జనం పనికోసం ఊళ్లు మారడం పెరిగింది. ఒకరినొకరు ఎరిగి ఉండటం మీద ఆధారపడిన జామీను అలాంటి సమాజంలో నిలవదు. 1361 చట్టంతో 'జస్టిస్ ఆఫ్ ది పీస్' అనే స్థానిక న్యాయాధికారుల ప్రాధాన్యం పెరిగింది. కేక వేసి వెంటాడటం మాత్రం ఇంకా కొన్ని శతాబ్దాలు కొనసాగింది. 1829లో లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడటంతో వృత్తి పోలీసుల యుగం మొదలైంది.

పాత విధి పూర్తిగా అంతరించలేదు. మన దేశంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 లోని సెక్షన్ 40 ప్రకారం, తన సమక్షంలో బెయిలు రాని కాగ్నిజబుల్ నేరం చేసినవాణ్ణి సామాన్య పౌరుడు కూడా అరెస్టు చేయవచ్చు. కాని ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. ఇక్కడ తేడాను గమనించండి. పౌరుడికి పట్టుకునే హక్కు ఉంది గాని కొట్టే హక్కు, శిక్షించే హక్కు లేవు. దొంగ దొరకనందుకు ఊరికి జరిమానా లేదు. 'కొత్తవాడు' అన్న ఒక్క కారణంతో ఎవరినీ నిర్బంధించే వీలు లేదు. మధ్యయుగ పద్ధతిలో కలిసిపోయి ఉన్న పట్టుకోవడం, నిందించడం, తీర్పు చెప్పడం అనే పనులను ఆధునిక చట్టం విడదీసింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న పుకారుతో గుంపు ఒక అపరిచితుడిపై దాడి చేసినప్పుడు ఈ విభజనే చెరిగిపోతుంది. దాని విలువ అప్పుడే తెలుస్తుంది.

6.11 సారాంశం

మధ్యయుగ ఇంగ్లండులో నేరస్థుణ్ణి పట్టుకోవడం గ్రామ సమాజపు విధి. టైథింగ్ ద్వారా ఒకరికొకరు జామీనుగా ఉండేవారు. నేరం జరిగినప్పుడు కేక వేసి పొలిమేర వరకు తరిమేవారు. 1166 నుంచి హండ్రెడ్‌కు 12 మంది, గ్రామానికి నలుగురు అనుమానితుల పేర్లు చెప్పేవారు. 1285 వించెస్టర్ శాసనం కాపలా, ఆయుధాలు, దారుల శుభ్రత, 40 రోజుల గడువు వంటి నియమాలను క్రోడీకరించింది. విఫలమైతే జరిమానా తప్పదు. పరస్పర పరిచయం ఈ పద్ధతికి బలాన్నిచ్చింది. అదే పరిచయం పక్షపాతానికీ దారితీసింది. జనం ఊళ్లు మారడం మొదలయ్యాక పద్ధతి పునాది సడలింది.

6.12 కీలక పదాలు

- హండ్రెడ్: షైర్‌లో ఒక ఉపవిభాగం, సొంత న్యాయస్థానం కలది.
- ఫ్రాంక్‌ప్లెడ్జ్: జట్టు సభ్యులు ఒకరి ప్రవర్తనకు మరొకరు జామీనుగా ఉండే పద్ధతి.
- హ్యూ అండ్ క్రై: కేక వేసి నేరస్థుణ్ణి సామూహికంగా వెంటాడటం.
- కరోనర్: అనుమానాస్పద మరణాలను విచారించి నమోదు చేసే రాజాధికారి.
- చట్టబహిష్కృతుడు: న్యాయస్థానం పిలుపులకు రానందున చట్టరక్షణ కోల్పోయినవాడు.

6.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. మధ్యయుగ ఇంగ్లండులో నేరస్థులను పట్టుకోవడంలో గ్రామ సమాజం పాత్రను వివరించండి.
2. 'ప్రజల భాగస్వామ్యం విధి మాత్రమే కాదు, అధికారం కూడా.' చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. క్లారెండన్ శాసనం
2. శరణు హక్కు
3. యాజ్ఞవల్క్య స్మృతిలో గ్రామ బాధ్యత